మన కార్ఖానాలు – మన దీపములు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు మాటలాడుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరినప్పుడు, సంస్కృత పాఠములు చెప్పి విశ్రాంతి గొన్న మావంటివారు విశ్వకర్మ ప్రాశస్త్యమునో, శిల్పశాస్త్ర మహిమనో ఉపన్యసింతురని వారు తలచియుందురు. అవి వినదగిన విషయములే. ప్రతివత్సరమును వినుచునే యున్నాము. ఈసారి మేము అంతకంటె మిక్కిలి చిన్నదియు, దినదినమును మన తలలపైన వ్రేలాడుచుండునదియు నగు ఒక వస్తువును గూర్చి విన్నవింపదలచితిమి. అది మన కార్ఖానాలలోని ట్యూబులైటు. దానిని తొలగించి ఎల్.ఇ.డి. దీపము నమర్చుకొనుట ఏల, ఎట్లు, ఏయే జాగరూకతలతో అనునదియే నేటి ప్రసంగ విషయము. మేము విద్యుత్పని నేర్చినవారము కాము. ఐ.టి.ఐ. చదివి యీ పనియందు ఆరితేరిన మన యువకులవలనను, గ్రంథములవలనను గ్రహించినదానిని మీ ముందుంచుచున్నాము.

చూచుట యను అర్థము గల 'లోక్' ధాతువునుండియే 'లోకము', 'ఆలోకము' అను రెండు శబ్దములును పుట్టినవి. ఆలోకమనగా వెలుతురు. వెలుతురున్నంతమేరకే మనకు లోకము. పనివానికి ఈ మాట మఱింత నిజము. మన కమ్మరికి సుత్తి, దాగలి, వడ్రంగికి బాడిశ, చిత్రిక, కంచరికి మూస, శిల్పికి ఉలి, కంసాలికి ఊదుగొట్టము, పట్టకారు. విజయదశమినాడు వీనినన్నిటిని కడిగి, పసుపుకుంకుమల నలంకరించి పూజింతుము. కాని యీ పనిముట్లన్నియు ఏ వస్తువువలన కంటికి కనబడుచున్నవో ఆ దీపమును మాత్రము ఎవ్వరును పనిముట్లలో లెక్కింపరు. అది యింటి యజమాని బిగించిన వస్తువనియు, నెలకొకసారి బిల్లు తెచ్చు వస్తువనియు మాత్రమే మన భావము. దీపమును పనిముట్టే యనియు, ఉలిని ఏరుకొన్నట్లే దానిని ఏరుకొని, ఉలిని సాన పట్టుకొన్నట్లే దానిని కాపాడుకొనవలెననియు చెప్పుటయే మా ప్రసంగసారము.

ఈ మాట మన గోదావరిఖనికి క్రొత్తది కాదు. గనిలోనికి దిగువాడు ముందుగా లాంప్ రూమునకు పోయి తన దీపము తీసికొని, వెలుగుచున్నదో లేదో చూచుకొని, పిమ్మటనే దిగును. దీపము లేనివానికి గనిలో ప్రవేశము లేదు. 1815లో ఇంగ్లండు దేశమున హంఫ్రీ డేవీ పండితుడు గనులకై జాలి కప్పిన దీపమును కల్పించినది మొదలు గనిదీపమును అలంకారముగా నెవ్వరును ఎంచలేదు; దానిని ప్రాణరక్షణ సాధనముగనే యెంచిరి. మన పెద్దలు టోపీకి తగిలించుకొని, బరువైన బ్యాటరీని నడుమునకు కట్టుకొని దిగిన దీపముల స్థానమున నేడు తేలికయైన ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. సింగరేణి సంస్థ కాలనీలలోని వీథిదీపములును ఎల్.ఇ.డి. దీపములైనవి. భూమి క్రింద ఇంత శ్రద్ధ చూపు మన జనమే, భూమి పైన తన సొంత కార్ఖానాలో మినుకుమినుకుమను గొట్టము క్రింద రంపపు మిషను నడుపుచున్నది. 'దీపము క్రింద చీకటి' యను సామెతకు ఇంతకంటె దృష్టాంతము వేఱొకటి యుండునా?

ఇక ట్యూబులైటు సంగతి విచారింతము. ఈ దీపము 1938లో అమెరికా దేశమున బజారునకు వచ్చినది. గాజుగొట్టములో కొంచెము పాదరసపు ఆవిరి యుండును. దానిగుండ విద్యుత్తు ప్రవహించినప్పుడు కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు పుట్టును. గొట్టము లోపలి తెల్లని పూత ఆ కిరణములను మ్రింగి, కనబడు వెలుతురుగా మార్చును. ఈ గొట్టమునకు తానుగా వెలుగు శక్తి లేదు. వెలిగించుటకు స్టార్టరును, ప్రవాహమును అదుపున నుంచుటకు చోకును కావలెను. ఇది వెలుగుటకు ముందు చేయు తడబాటును చూచియే, చెప్పినమాటను ఆలస్యముగా గ్రహించువానిని మన పిల్లలు 'ట్యూబులైటు' అని పరిహసించుచున్నారు.

ఎల్.ఇ.డి. యనునది వేఱుజాతి. దానిలో ఆవిరి లేదు, తంతువు లేదు. అర్ధవాహకమను స్ఫటికపు ముక్కలో విద్యుత్తు ప్రవహించినప్పుడే వెలుగు పుట్టును. 1962లో హోలన్యాక్ పండితుడు ఎఱ్ఱని వెలుగు నిచ్చు దానిని చేసెను. నీలి వెలుగు మాత్రము చాలకాలము లొంగలేదు. జపాను దేశీయులైన అకసాకి, అమానో, అచటనే పుట్టి పెరిగిన నకమురా అను మువ్వురు దానిని సాధించి 2014లో నోబెల్ బహుమానము నందిరి. నీలి వెలుగుపై పసుపువన్నె పూత కూడగా తెల్లని వెలుగైనది. నేడు మన యిండ్ల వెలుగు అదియే.

వ్యయము మాట. పాత గొట్టము 36 గాని 40 గాని వాట్లు తినును. దాని రాగితీగ చోకు మఱి 10 మొదలు 15 వాట్లు వేడిగా వ్యర్థపుచ్చును. వెరసి ఒక దీపమునకు సుమారు 50 వాట్లు. దాని స్థానమున 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము చాలును. పది దీపములు గల కార్ఖానా దినమునకు 10 గంటల చొప్పున ఏట 300 దినములు పనిచేసినదనుకొందము. పాత దీపములకు 1500 యూనిట్లు, క్రొత్తవానికి 600 యూనిట్లు. మిగులు 900 యూనిట్లు. యూనిటు వెల 8 రూపాయలని యెంచుకొన్న 7,200 రూపాయలు మిగిలినట్లు. దీపమొకటి 250 రూపాయలని యెంచుకొన్న పదింటికి 2,500. నాలుగైదు నెలలలో పెట్టిన సొమ్ము చేతికి వచ్చును. వెలలు మారవచ్చును, లెక్కించు పద్ధతి మాత్రమిదియే. ఎవరి బిల్లును వారు ముందుంచుకొని లెక్కించుకొనవచ్చును.

వెలుతురు తగ్గునా యని కొందఱి సందేహము. క్రొత్త గొట్టము 2400 ల్యూమెనుల ప్రాంతమును, 20 వాట్ల ఎల్.ఇ.డి. 2000 ప్రాంతమును ఇచ్చును. లెక్కకు తక్కువయే. కాని గొట్టము నలుదిక్కులకు వెలుగు వెదజల్లును. పొగచేతను బొగ్గుదుమ్ముచేతను నల్లబడిన మన పైకప్పులు పైకి పోయిన వెలుగును తిరిగి యీయవు. ఎల్.ఇ.డి. తన వెలుగును క్రిందికే పంపును. కావున పనిబల్లపైన వెలుతురు సాధారణముగా తగ్గదు.

ఇంతవఱకు చెప్పినది బిల్లుమాట. ఇంతటితో ముగిసినచో ఈ మహాసభ కాలమును మేము హరింపకుందుము. బిల్లుకంటె ముఖ్యమైనది చేతివ్రేళ్ల మాట.

మన విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు చేయును. ఆ కారణమున పాత చోకుతో వెలుగు గొట్టము సెకనునకు 100 మారులు ప్రకాశించి తగ్గుచుండును. కంటికి ఆ కంపము తెలియదు. తిరుగు యంత్రమునకు తెలియును. నాలుగు ఆకులు గల కప్పీ యొకటి నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. సెకనునకు 25 చుట్లు. ఒక ప్రకాశమునకును మఱియొక ప్రకాశమునకును నడుమ అది సరిగా పాతిక చుట్టు తిరిగి, ఒక ఆకు ఉండినచోటికి వేఱొక ఆకు వచ్చి నిలుచును. చూచువానికి కప్పీ కదలక నిలిచియున్నట్లే తోచును. మన కార్ఖానాలలోని సామాన్యపు మోటారు 1440 చుట్లు తిరుగును. దానికి బిగించిన నాలుగాకుల కప్పీ సెకనునకు ఒక్క చుట్టు చొప్పున మెల్లగా వెనుకకు తిరుగుచున్నట్లు కనబడును. మూడు దవడల లేతు చక్కు 2000 చుట్లయందు నిలిచినట్లగుపడును. మిషనును ఆపిన పిమ్మట వేగము తగ్గుచు వచ్చునప్పుడును ఇట్టి ఘడియలు తటస్థించును. ప్రక్కన వేఱొక మిషను మ్రోగుచుండగా చప్పుడు చేత గుర్తుపట్టుటయు కుదరదు. పనినేర్చుకొను పసివాడు చక్రము నిలిచినదని చేయి చాచినచో ఏమగునో చెప్పుటకు మాకు నోరు రాదు. 

ఎల్.ఇ.డి. వచ్చినంతమాత్రమున ఈ కీడు తొలగునని యనుకొనరాదు. ఇదియే మేము ముఖ్యముగా హెచ్చరింపదలచిన విషయము. మంచి డ్రైవరు గల దీపము నిలుకడగా వెలుగును. వెల తగ్గించుటకై డ్రైవరును నామమాత్రము చేసిన చవుకరకపు దీపము పాత గొట్టమువలెనే, ఒకప్పుడు అంతకంటె తీవ్రముగను, సెకనునకు 100 మారులు కంపించును. అట్టిది బిల్లును తగ్గించి ప్రమాదమును అట్లే నిలుపును. దీనిని పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు అక్కఱలేదు. దుకాణములో దీపమును వెలిగించి, దాని యెదుట ఒక ఉక్కుస్కేలును గాని పెన్సిలును గాని వేగముగా అటునిటు ఆడింపుడు. స్కేలు చెదిరిన పొగవలె ఒకే మసకగా కనబడినచో దీపము మంచిది. విడివిడిగా పలు స్కేళ్ళు దువ్వెనపండ్లవలె కనబడినచో ఆ దీపమును దుకాణదారునికే విడిచి రండు. చేతిఫోను కెమెరా నెదుట పట్టినప్పుడు నల్లని పట్టెలు పాకుటయు అదే చిహ్నము.

రెండవది కంటిమాట. కరీంనగరపు వెండితీగ పని, అనగా ఫిలిగ్రీ, 2007లో భౌగోళిక గుర్తింపు నందిన మన జాతి కీర్తి. వెంట్రుకవంటి వెండితీగను మెలిపెట్టి, ఆకులుగా పువ్వులుగా కూర్చు చేతులకు ఎంత వెలుతురు కావలెను! ఐరోపా ప్రమాణముల ననుసరించి వడ్రంగి బల్లపై 300 లక్సులు, కొయ్యపని మిషనువద్ద 500, ఆభరణముల పనికి 1000 లక్సుల వెలుతురుండవలెను. మన కంసాలి దుకాణములలో ఇందు సగమైన నున్నదా? ఇరువదియేండ్ల కన్నులో ప్రవేశించు వెలుతురులో అరువదియేండ్ల కన్నులోనికి సుమారు మూడవవంతు మాత్రమే చేరునని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పెద్దకంసాలికి చేతిలోని నేర్పు తగ్గలేదు. కంటికి చేరు వెలుతురు తగ్గినది. అతని బల్లపై చేతికందునట్లు ఒక ప్రత్యేక దీపము నమర్చినచో మఱి పదియేండ్లు ఆ విద్య మనకు దక్కును.

వెలుతురు పరిమాణమొకటియే చాలదు. వన్నెలను యథాతథముగా చూపవలెను. ఈ గుణమును సి.ఆర్.ఐ. యను అంకెతో కొలుతురు. దాని పరమావధి 100. సాధారణపు ఎల్.ఇ.డి.లకు 80 ప్రాంతముండును. వడ్రంగికి, కమ్మరికి అది చాలును. బంగారపు వన్నెలో రాగిచాయను వెండిచాయను వేఱుపఱుపవలసిన కంసాలికిని, పాలిషు పట్టువానికిని 90కి తక్కువ కానిది కావలెను. పెట్టెపైన ఈ అంకె యుండును, లేనిచో అడుగుడు.

ఇక మార్చు విధానము. మార్గములు మూడు. మొదటిది, పాత చోకు నుంచి, దానితో కలియు ఎల్.ఇ.డి. గొట్టమును, దానితో వచ్చు ప్రత్యేకపు స్టార్టరును వేయుట. ఇది సులభము, కాని చోకు తినవలసినది తినుచునే యుండును, అది చెడినచో దీపమును ఆరును. రెండవది, చోకును స్టార్టరును తొలగించి, తీగలను నేరుగా గొట్టమునకు కలుపుట. మూడవది, పాత పట్టీని పూర్తిగా దించి, ఎల్.ఇ.డి. బ్యాటెనును క్రొత్తగా బిగించుట.

రెండవ మార్గమున రెండు అపాయములున్నవి. కొన్ని గొట్టములకు ఫేజు, న్యూట్రలు రెండును ఒకే కొనయందు కలుపవలెను. అట్లు మార్చిన పట్టీలో, కొన్ని మాసముల తరువాత సంగతి తెలియనివాడు పాత ట్యూబును దూర్చినచో, దాని తంతువు 230 వోల్టుల కెదురై క్షణములో కాలిపోవును. ఫ్యూజు కొట్టివేయును, హోల్డరు కాలుటయు సంభవించును. మఱికొన్ని గొట్టములకు ఒక కొనకు ఫేజు, రెండవకొనకు న్యూట్రలు. స్విచ్చి వేసియుండగా ఒక కొనను హోల్డరులో దూర్చి, రెండవకొన పిన్నులను చేతితో పట్టినవానికి విద్యుద్ఘాతము తగులవచ్చును. కావున మెయిను ఆపక గొట్టమును ముట్టరాదు. పని తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే మార్పింపవలెను. మార్చిన ప్రతి పట్టీపైన 'ఇందు పాత ట్యూబు వేయరాదు' అని పెద్దయక్షరములతో తెలుగున వ్రాసి అంటింపవలెను. వ్రాయుటకు మనకు సోమరితనమైనచో మూడవ మార్గమే మేలు. వెలలో భేదము స్వల్పము. అపాయములో భేదము అధికము. ఇనుపపట్టీ యైనచో ఎర్తు తీగను మఱువరాదు.

మఱి మూడు జాగ్రత్తలు. ఎల్.ఇ.డి.కి వేడి శత్రువు. మన రామగుండమున వేసవి 45 డిగ్రీలు దాటుచుండును. రేకుల కప్పు క్రింద మఱింత. కొలిమికి నేరుగా పైన దీపమును వ్రేలాడదీసినచో డ్రైవరు త్వరలో చెడును, ప్రక్కకు జరుపుడు. రెండవది, ఈ దీపపు వెలుగు సూదివలె కంటిలో గ్రుచ్చుకొనును. పాలవన్నె మూత గల దానినే కొనుడు, పనివాని కంటికెదురుగా బిగింపకుడు. కుడిచేతివానికి ఎడమప్రక్కనుండి వెలుగు పడినచో తన చేతినీడ తన పనిపై పడదు. మూడవది, దుమ్ము. నెలకొకసారి, స్విచ్చి ఆపి, పొడిగుడ్డతో దీపమును తుడువవలెను. ఏ దీపమైనను బి.ఐ.ఎస్. గుర్తును, కొనుగోలు రసీదును లేక తీసికొనకుడు.

దించిన గొట్టముల మాట. ప్రతి గొట్టములోను కొన్ని మిల్లీగ్రాముల పాదరసము కలదు. పిల్లలు వీనిని గోడకు కొట్టి ప్రేలుడు విని ఆనందించుట మనము చూచుచునే యున్నాము. ఆ ఆవిరి ఊపిరితిత్తులకును నరములకును విషము. జపానులోని మినమాట పట్టణమున పాదరసము కలిసిన చేపలు తిని ప్రజలు పడిన దుర్గతి 1956లో లోకమునకు తెలిసినది. ఆ పట్టణము పేరనే 2013లో పలు దేశములు ఒడంబడిక చేసికొనగా, 2018లో భారతదేశమును దానిని ధ్రువపఱచినది. 2023లో జెనీవాలో కూడిన ఆ ఒడంబడిక సభ, ఈ గొట్టపు దీపముల తయారీని 2027 నాటికి నిలుపవలెనని నిర్ణయించినది. అనగా మనము మార్చినను మార్చకున్నను ట్యూబులైటు వెడలిపోవుచున్నది. 'దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొను'టయే మేలు. పాత గొట్టములను పగులగొట్టక, అట్టపెట్టెలలో భద్రపఱచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించు అధికారిక కేంద్రమునకు చేర్పవలెను.

ఇచట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పక తప్పదు. 'అయ్యా, మనది బొగ్గునేల. బొగ్గు కాలిననే విద్యుత్తు. విద్యుత్తు ఖర్చైననే బొగ్గు. బొగ్గున్ననే మన అన్నము. పొదుపును మనమే బోధించుట కూర్చున్న కొమ్మను నఱకుకొనుట కాదా?' యని కొందఱు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఒక యూనిటు విద్యుత్తునకు సుమారు 650 గ్రాముల బొగ్గు కాలును. మన పది దీపముల కార్ఖానా మిగుల్చు 900 యూనిట్లకు దాదాపు 6 క్వింటాళ్ళు. కాని కార్మికుల అన్నము తగ్గినది పొదుపువలన కాదు. 1920లో సింగరేణి కాలరీసు పేర ఏర్పడిన యీ సంస్థలో 1990 ప్రాంతమున లక్షకు పైబడి కార్మికులుండిరి. నేడు 40 వేల ప్రాంతమునకు దిగిరి. ఆ నడుమ బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు సరికదా, పెరిగినది. ఓపెన్‌కాస్టు గనులును, పెద్దయంత్రములును మనుష్యుల స్థానము నాక్రమించినవి. 1971లో ఆరంభమైన మన 62.5 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రము 2024లో ఆగినది; ఎన్.టి.పి.సి. వారి 2600 మెగావాట్ల కేంద్రము పనిచేయుచున్నది. యంత్రములు మారును, కేంద్రములు మారును. గనిలో కొలువు తండ్రినుండి కొడుకునకు వచ్చు నను ధీమా సన్నగిల్లిన యీ కాలమున, మన బిడ్డలకు మిగిలిన ఆధారము ఈ కార్ఖానాయే, ఈ చేతివిద్యయే. ఆ చేతులను, ఆ కన్నులను కాపాడు దీపమును గూర్చి పొదుపు మాట చెప్పుట కొమ్మను నఱకుట కాదు, వేరునకు నీరు పోయుటయే.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది: ఐ.టి.ఐ. విద్య గడించిన మన యువకులను కొందఱిని ఏర్పఱచి, గోదావరిఖని మొదలు పెద్దపల్లి, మంథని వఱకు మన కార్ఖానాలను ఒక్కొక్కటిగా చూపింపవలెను. తిరుగు మిషనులున్నచోట ముందుగా దీపములను మార్పింపవలెను. రెండవది: సంఘము మొత్తముగా కొన్నచో వెల తగ్గును, రకము నిలుచును, పాత గొట్టములను సేకరించు భారమును సంఘమే వహింపవలెను. మూడవది పోషక మహాశయులకు. మన దేవాలయములలో దాతలు ట్యూబులైట్లు సమర్పించి, వానిపైన తమ పేరును, తండ్రిపేరును, గ్రామమును పెద్దయక్షరములతో వ్రాయింతురు. అక్షరములు నిండగా వెలుతురు వచ్చుటకు చోటుండదు. ఈ సంవత్సరము ఒక్కొక్క దాతయు పేరు వ్రాయని ఒక్కొక్క దీపమును ఒక వృద్ధ కంసాలి బల్లపైనను, ఒక పసి శిష్యుని రంపపు మిషనుపైనను వెలిగింపవలెనని ప్రార్థించుచున్నాము. ఆ దీపముపై పేరుండదు. దాని క్రింద తయారైన నగయందును, తలుపునందును, నాగలియందును ఆ దాత పుణ్యముండును.

వచ్చు విజయదశమినాడు ఉలిని, సుత్తిని కడిగి పూజించునప్పుడు, స్విచ్చి ఆపి దీపమును కూడ తుడిచి, దానికిని ఒక కుంకుమబొట్టు పెట్టుడు. పనిముట్లలో అదియు ఒకటి యని పిల్లలకు తెలియును.